వంతుల కుక్క

ప్రొద్దుటూరులో మా ఇంటికి కాస్త దూరంలో, దెబ్బలు తగిలిన వీధికుక్కలను ఉంచే షెడ్డు ఒకటి ఉంది. అక్కడి కుక్కలు మనిషి అలికిడికే బెదురుతాయి. బెదిరే కుక్కను ఎవరు పెంచుకుంటారు? అందుకే కొన్నాళ్లు ఇళ్లలో పెట్టుకుని, మనుషులకు అలవాటు చేసి ఇమ్మని షెడ్డాయన అడుగుతుంటాడు. మా వీధిలో ఒక్కరే ఆ భారం మోసే ధైర్యం ఎవరికీ చాలలేదు. చర్చికి పోయే మేమూ, బట్టలంగళ్ల వాళ్లూ కలిసి వంతులేసుకున్నాం. ఏ పనైనా వంతులేసుకుంటేనే మాకు తృప్తి.

వచ్చింది ఎర్రటి ఆడకుక్క. మొదట్లో మంచం కింది నుంచి కదిలేది కాదు. బళ్లో టీచరుగా నేను వేగిన మొండి పిల్లలే నయమని విసుక్కున్నాను. పోనుపోను మా వంతులు మాకంటే దానికే బాగా తెలిసిపోయాయి. పొద్దుగూకితే ఏ ఇంటి వంతయితే ఆ గడప ముందు కూర్చునేది. మిగతా ఇళ్లకూ ఊరికే పోయి పలకరించి వచ్చేది. కుక్క నీడ తగిలినా తలస్నానం చేసే బట్టలంగడి అవ్వ, "ఇయ్యాల మా ఇంట్లోనేమ్మా, రా" అని పిలుస్తుంటే వీధంతా నవ్వుకున్నాం. నాకైతే గర్వంగా ఉండింది.

పులివెందుల నుంచి ఒక రైతు వచ్చి దాన్ని తీసుకుపోయాడు. భార్యాభర్తలిద్దరూ మంచివాళ్లు. ఆటో కదులుతుంటే సంతోషంతోనే ఏడ్చాను.

నెల తిరక్కముందే ఆయన ఫోన్ చేశాడు.

"మేడమ్, మేం కడుపు నిండా పెడతాండాం. అయినా సాయంత్రమైతే సాలు, మా వీధిలో ప్రతి ఇంటి కాడికీ పోయి కూర్చుంటాంది. ఎవురో కట్టె తీసుకోని కొట్టినారు, కాలిరిగింది. ఆ కాలీడ్చుకుంటా మళ్లా వాళ్ల గడప కాడికే పోతాంది. శానా బాధగా ఉండాది, మాతో కాదు మేడమ్. ఏం నేర్పించినారు దీనికి?"

ఒక ఇల్లు నీది, తక్కినవి కావు అన్న సంగతి మా వీధిలో దానికి తెలిసే అవకాశమే లేదు. లోకమంతా మా వీధిలాగే ఉంటుందని నమ్మి పోయింది పాపం.

ఇప్పుడది మళ్లీ షెడ్డులోనే ఉంది. కాలు వంకరగా అతికింది. ఆదివారం కుక్కల కోసం వచ్చేవాళ్లు తోకాడిస్తూ ఎదురొచ్చిన వాటిని ఎంచుకుని పోతారు. ఇది గోడవైపు తిరిగి పడుకుంటుంది. మొన్న పెరుగన్నం తీసుకుపోయి, పక్కన కూర్చుని తల నిమరబోయాను. నా చేయి పైకి లేవగానే కళ్లు గట్టిగా మూసుకుని, ఉన్నచోటే ఉచ్చ పోసుకుంది.