మూడో మలుపు దగ్గర ఎరుపు

ఆదెయ్య ఇరవై ఎనిమిదేళ్ల లారీ బతుకులో రెండు మేకల్ని గుద్దాడు, ఒక మైలురాయిని పడగొట్టాడు, నరసరావుపేటలో ఓ పెళ్లిపందిరి గుంజను ఊడబీకి అరమైలు దూరం లాక్కుపోయాడు. వీటిలో దేనికీ సిగ్గుపడలేదు. మేకలు అడ్డం వచ్చాయి, మైలురాయిని ఎవరో తప్పుచోట పాతారు, పందిరి వేసినవాడికి బుద్ధిలేదు. కానీ మిరపకాయ మాట వస్తే మాత్రం వీపు నిటారుగా పెట్టి కూర్చునేవాడు. ఇన్నేళ్లలో తన టైరు కింద ఒక్క కాయ నలగలేదని, నలిగిందని ఎవరన్నా చూపిస్తే మీసం తీయించుకుంటానని వినుకొండ లారీ స్టాండులో ఏడాదికి నాలుగుసార్లన్నా అనేవాడు. ఆ మీసం పోతేనే బాగుంటుందని అనుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, నలిగిన కాయను చూపించినవాడు ఒక్కడూ లేడు.

ఫిబ్రవరి వచ్చిందంటే వినుకొండ నుంచి సంతమాగులూరు మీదుగా పోయే తారురోడ్డు అక్కడక్కడా సగం ఎర్రగా ఉంటుంది. కళ్లంలో చోటు చాలని రైతులు కాయను రోడ్డు మీదే ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు. మిగిలిన సగంలోనే బస్సూ లారీ ఎడ్లబండీ ఒకదానికొకటి తప్పుకుంటూ పోవాలి. టైరు ఎక్కితే కాయ పగిలి గింజ రాలిపోతుంది. గుంటూరు యార్డులో దాన్ని గుప్పెట్లోకి తీసుకుని చూసినవాడు పెదవి విరుస్తాడు. అందుకని ఎరుపు కనిపించగానే స్టీరింగు పక్కకు తిప్పడం ఆదెయ్యకు రెప్ప వాల్చడం లాంటిదైపోయింది. సంతమాగులూరులో బుల్లయ్య అని నాలుగెకరాల మిరప రైతు ఉండేవాడు. మిగతా లారీలు వస్తుంటే కర్ర పట్టుకుని లేచేవాడు. ఆదెయ్య లారీ మోత వినపడితే మాత్రం కూర్చున్నచోట కూర్చునే చుట్ట కాల్చుకునేవాడు. ఆదెయ్యకు అంతకుమించిన సన్మానం జీవితంలో జరగలేదు.

ఆ లారీ శ్రీమన్నారాయణ అనే మిరప వ్యాపారిది. మనిషి మంచివాడే గానీ ఏ సంగతీ తేల్చలేడు. ఇడ్లీ తింటారా దోశ తింటారా అని అడిగితే ఆలోచిస్తూ ఆలోచిస్తూ మధ్యాహ్నం భోజనం దాకా వచ్చే రకం. 2001లో ఆయన కొత్త లారీ కొన్నాడు. ఏ రంగు వేయించాలో తేల్చుకోవడానికే నెల పట్టింది. దానికన్నా పెద్ద చిక్కు, ఆ స్టీరింగు ఎవరి చేతికివ్వాలన్నది. ఆదెయ్యకిస్తే భార్య మల్లేశ్వరి ఊరుకోదు. ఆవిడ తమ్ముడు శ్రీకృష్ణ హెవీ లైసెన్సు జేబులో పెట్టుకుని ఏడాదిగా బావగారింట్లో రెండు పూటలా భోంచేస్తున్నాడు. శ్రీకృష్ణకిస్తే ఆదెయ్య ఆ పాత బండితోనే ముసలివాడైపోవాలి. పాత బండిలో రెండో గేరు పడాలంటే కాలితో తన్నాలి. వానొస్తే బస్తాలకు పట్టా ఉంటుంది, డ్రైవరు తడుస్తాడు.

విజయవాడ ఆటోనగర్లో బాడీ కట్టించుకుని కొత్త లారీ ఊళ్లోకి వచ్చిన రోజున, ఎవరూ లేనిది చూసి ఆదెయ్య లోపలికెక్కాడు. సీటు మీది ప్లాస్టిక్ కాగితం చిరగకుండా పావుగంట కూర్చున్నాడు. హారన్ మీద చెయ్యి పెట్టాడు గానీ నొక్కలేదు. దిగి, మెట్టు మీద పడిన తన కాలి ముద్రను తువ్వాలుతో తుడిచి వెళ్లిపోయాడు. ఆ పావుగంట సంగతి భార్య కొండమ్మకు కూడా చెప్పలేదు.

ఈ చిక్కు తేల్చింది మాబూబీ. కావాలని కాదు, నోరు జారి.

మాబూబీకి బస్టాండు పక్కన సోడా కొట్టు. భర్త పోయాక కొట్టు తనే నడుపుకుంటూ, సోడాలు తాగేవాళ్లు తగ్గుతున్నారని కనిపెట్టి, వెనక గదిలో వీడియో గేములు పెట్టింది. అంతకుముందు ఏడాది ఒక పెద్ద యంత్రాన్ని తెప్పించింది. గుంటూరు నుంచి ఖాళీగా తిరిగొచ్చే ఆదెయ్య లారీయే దాన్ని మోసుకొచ్చింది. కూర్చోవడానికి సీటు, పట్టుకోవడానికి స్టీరింగు, పక్కన గేరు రాడ్డు, కాళ్ల కింద రెండు పెడళ్లు, ఎదురుగా రంగుల టీవీ. అడవుల్లో, గుట్టల్లో, మట్టిరోడ్డు మీద కారు తోలాలి. గడియారంలో టైం అయిపోయేలోపు అవతలికి చేరాలి. తెర మీద ఇంగ్లీషులో పొడుగాటి పేరు పడేది గానీ, వినుకొండలో దాన్ని మట్టిరేసు అన్నారు. కారులో పక్క సీటు నుంచి ఒక తెల్లాయన ప్రతి మలుపుకూ ముందే ఇంగ్లీషులో కేక వేసేవాడు. అతను క్లీనరని ఆదెయ్య మొదటిరోజే తేల్చేశాడు. తన క్లీనర్లంతా మలుపు దాటాక లేచేవాళ్లని, ఇతను ముందే లేచాడని మెచ్చుకున్నాడు కూడా. ఆ యంత్రంలో అందరికన్నా మంచి టైం శ్రీకృష్ణది. బావ ఇంట్లో భోజనం చేయని సమయమంతా అతను అక్కడే గడిపేవాడు మరి.

ఒకరోజు శ్రీమన్నారాయణ నిమ్మసోడా తాగుతూ తన కష్టం చెప్పుకుంటుంటే మాబూబీ గోలీ నొక్కుతూ అంది. "ఇద్దర్నీ దాంట్లో కూర్చోపెట్టండి షావుకారూ. ఎవడు డ్రైవరో అదే చెబుతుంది."

ఆమె నవ్వడానికి అంది. ఆయన నవ్వలేదు. నిర్ణయం తన నెత్తిన పడకుండా ఇంకెవరన్నా తీసుకుంటారంటే, అది యంత్రమైనా సరే, ఆయనకు అంతకన్నా కావలసిందేముంది. శివరాత్రి వెళ్లిన ఆదివారం పందెం అని అక్కడికక్కడే ఖాయం చేశాడు. ఎవరు గెలిస్తే వాళ్లకు కొత్త లారీ.

ఆదెయ్య రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. బొమ్మ కారు తోలి నిజం లారీ సంపాదించుకోవాలా అని అలిగాడు. మూడోరోజు మధ్యాహ్నం, కొట్లో ఎవరూ లేని వేళ, మాబూబీ దగ్గరికొచ్చి ఒకసారి చూద్దామన్నాడు.

చెప్పులు బయట విడిచాడు. స్టీరింగుకు దణ్ణం పెట్టుకున్నాడు. హారన్ ఎక్కడుందని అడిగాడు. లేదని మాబూబీ అంటే, హారన్ లేని బండిని రోడ్డు మీదికి ఎవడు వదిలాడని విసుక్కున్నాడు. ఆట మొదలైంది. మొదటి మలుపు, రెండో మలుపు బాగానే తిరిగాడు. క్లీనరు కేక వేసినప్పుడల్లా "చూశాన్లేరా" అని జవాబు చెప్పాడు. మూడో మలుపు దగ్గర రోడ్డు నడిమధ్య ఎర్రమన్ను పరుచుకుని ఉంటుంది. శ్రీకృష్ణ లాంటివాళ్లు దాని మీదుగా దూసుకుపోతారు. అదే దగ్గరి దారి. పక్కన ఇసుక, అందులో దిగితే కారు ఈడ్చుకుంటుంది. ఆదెయ్య ఆ ఎరుపు కనపడగానే బ్రేకు వేసి, ఇసుకలోకి దిగి, ఒక్క పలుకు తగలకుండా చుట్టూ తిరిగి, అవతల మళ్లీ రోడ్డెక్కాడు. టైం అయిపోయింది. మళ్లీ ఆడాడు. మళ్లీ దిగాడు. ఎనిమిదిసార్లు ఇదే వరస.

"అన్నా, అది కాయ కాదు," అంది మాబూబీ.

"తెలుసమ్మా."

"మరి ఎందుకు తిప్పుతున్నావ్?"

"నేనెక్కడ తిప్పుతున్నాను? చెయ్యి తిప్పుతోంది."

ఆ చేతిని దారికి తేవడానికి ఆయన పడని పాట్లు లేవు. మూడో మలుపు దగ్గర కళ్లు మూసుకున్నాడు, చెట్టును గుద్దాడు. కోటప్పకొండ తిరనాళ్లలో నల్లద్దాలు కొనుక్కొచ్చి పెట్టుకుని ఆడాడు. వాటిలోంచి ఆ ఎరుపు ఇంకాస్త ముదిరి మేలురకం కాయలా కనిపించింది. ఎప్పటికన్నా దూరంగా తిరిగాడు. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న శ్రీకృష్ణ, బాబాయ్ కాయకు దిష్టి కూడా తగలనివ్వడని స్టాండంతా చెప్పుకొచ్చాడు.

పందెం వారంలోకి వచ్చాక మాబూబీ గుంటూరు నుంచి ఒక చిన్న డబ్బా తెచ్చింది. అదే మట్టిరేసు, ఇంట్లో ఆడుకునే రకం. సీడీ వేసి టీవీకి తగిలించుకుంటే చాలు. కొట్లో పెట్టేముందు పనిచేస్తుందో లేదో చూద్దామని ఇంట్లో ఉన్న పాత పోర్టబుల్ టీవీకి తగిలించింది. మధ్యాహ్నం సోడా గ్యాసు సిలిండరు దించడానికి వచ్చిన ఆదెయ్యను, నువ్వూ ఒకసారి చూడన్నా అని కూర్చోబెట్టింది.

దీనికి స్టీరింగు లేదు, చేతిలో పట్టుకునే బొత్తాల ముక్క ఒకటే ఉంది. ఆదెయ్య దాన్ని తడి తువ్వాలు పిండినట్టు రెండు చేతులతో పట్టుకుని, మలుపొస్తే ఒళ్లంతా అటే వంచాడు. మొదటి మలుపు, రెండో మలుపు. మూడోది దాటి నాలుగోదానికి వచ్చాక మాబూబీ ఆపమంది. మూడో మలుపులో ఎటు పోయావో తెలుసా అని అడిగింది. ఆయనకు తెలియదు. నేరుగా ఎర్రమన్ను మీదుగానే పోయాడు. ఎందుకంటే ఆ టీవీ బ్లాక్ అండ్ వైటు. దాంట్లో ఎరుపు లేదు. రోడ్డు మీద ఏదో బూడిద పోసినట్టుంది, అంతే.

ఆ మధ్యాహ్నం, తరవాతి మధ్యాహ్నం, ఆ తరవాతిదీ ఆదెయ్య అక్కడే ఉన్నాడు. నలభైసార్లకు పైగా ఆ బూడిదను తొక్కిపోయాడు. యంత్రం మీద శ్రీకృష్ణ పేరున ఉన్న టైం కన్నా మూడు సెకన్లు ముందే చేరాడు. చేతికి అలవాటైందని, ఇక తిరగదని మాబూబీకి మాటిచ్చాడు. శనివారం కొండమ్మతో, కొత్త బండిలో ముందు సీటు పెద్దదని, ఇద్దరు హాయిగా కూర్చోవచ్చని, సంబంధం లేకుండా ఏదో అన్నాడు.

ఆదివారం మాబూబీ వెనక గదిలో జనం పట్టలేదు. స్టాండులోని డ్రైవర్లు, సరుకు తెచ్చిన రైతులు, అందరికన్నా ముందు చుట్టతో బుల్లయ్య. మల్లేశ్వరికి కుర్చీ వేశారు. శ్రీమన్నారాయణ లారీ తాళాన్ని ఈ జేబులోంచి ఆ జేబులోకి మారుస్తూ నిలబడ్డాడు.

ముందు శ్రీకృష్ణ కూర్చున్నాడు. కుర్రాడు బాగా తోలతాడు, అందులో అనుమానం లేదు. మూడో మలుపు దగ్గర వేగం తగ్గించకుండా ఎర్రమన్ను మధ్యలోంచి దూసుకుపోయాడు. కారు వెనకాల ఎర్రటి దుమ్ము లేచింది. రైతుల్లోంచి, కాలి మీద బస్తా పడినప్పుడు వచ్చే మూలుగొకటి వచ్చింది. వెనక ఎవరో దగ్గారు కూడా. శ్రీకృష్ణ తన పాత టైం తనే దాటేశాడు.

ఆదెయ్య చెప్పులు విడిచి కూర్చున్నాడు. రెండు మలుపులూ వెన్నలో కత్తి దించినట్టు తిరిగాడు. అప్పటికి శ్రీకృష్ణ కన్నా ఒక సెకను ముందున్నాడని మాబూబీ చూసింది. మూడో మలుపు వచ్చింది. అది బూడిద, బూడిద అని ఆయన పైకే అనుకున్నాడు. పక్కనున్నవాళ్లు విన్నారు. టీవీలో మాత్రం అది, మూడెండలు పడ్డ కాయలాగా ఎర్రగా ఉంది. చెయ్యి తిరిగింది. బ్రేకు పడింది. ఇసుకలోకి దిగేముందు, వెనక వచ్చే బండికి గుర్తుగా కుడిచెయ్యి బయటికి చాపి ఊపాడు కూడా. చుట్టూ తిరిగి అవతలి గట్టుకు చేరేసరికి టైం అయిపోయింది.

ఆదెయ్య స్టీరింగు వదల్లేదు, తలెత్తలేదు. క్లీనరు ఇంగ్లీషులో ఏదో ఓదార్చాడు.

"తేలిపోయిందిగా. తాళం ఇవ్వండి," అంది మల్లేశ్వరి.

శ్రీమన్నారాయణ తాళం తీసి శ్రీకృష్ణ వైపు చాపాడు. చెయ్యి సగం దూరం వెళ్లి ఆగిపోయింది. చుట్ట ఆర్పి బుల్లయ్య అన్నాడు. "షావుకారూ, నా కాయ ఈ పిల్లోడి బండి ఎక్కదు."

అది బొమ్మ అని, ఆ మన్ను మన్నే గానీ మిరపకాయలు కాదని, మీకందరికీ పిచ్చిపట్టిందని మల్లేశ్వరి గట్టిగానే చెప్పింది.

"బొమ్మేనమ్మా," అన్నాడు బుల్లయ్య. "తొక్కేటప్పుడు ఈ పిల్లోడి మొహం చూశాను. ఇంత కూడా మారలేదు."

రైతులు తలలూపారు. శ్రీమన్నారాయణ భార్య వైపు చూశాడు, తెర వైపు చూశాడు. "అది కాయ కాదని నాకూ తెలుసే. కానీ తొక్కుతుంటే బస్తా రేటు పడిపోయినట్టే అనిపించింది," అని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఎవరినీ అడక్కుండా, తాళం ఆదెయ్య ఒళ్లో పడేశాడు. పడేసి బయటికొచ్చి, ఇంటికి ఏ వీధిన పోవాలో తేలక కొంతసేపు బస్టాండు దగ్గరే నిలబడ్డాడు.

శ్రీకృష్ణకు పాత లారీ ఇచ్చి పత్తికి పెట్టారు. పత్తిని రోడ్డు మీద ఎవరూ ఆరబోయరు కదా. పైగా రెండో గేరు తన్నడానికి వయసులో ఉన్న కాలు మంచిదని ఆదెయ్యే సలహా ఇచ్చాడు.

ఆ సాయంత్రం మాబూబీ ఆయన్ను సోడా కొట్టు దగ్గర ఆపి, మా ఇంట్లో ఎన్నిసార్లు తొక్కావో బుల్లయ్యకు చెప్పమంటావా అని అడిగింది.

"చెప్పుకో. అది బూడిద," అన్నాడు ఆదెయ్య. "యార్డులో బూడిదనెవడు కొంటాడు?" అంటూనే మీసం తడిమి చూసుకున్నాడు.

నాలుగేళ్లకు యంత్రం మూలనపడింది. ఎలుకలు దాని తీగలు కొరికేశాయి. సీటు ఊడదీసి మాబూబీ గల్లాపెట్టె వెనక వేసుకుంది. వెనక గదిలోకి కంప్యూటర్లు వచ్చాయి, వాటిలోకి మట్టిరేసు మళ్లీ కొత్తగా వచ్చింది. అవే గుట్టలు, అదే క్లీనరు. కొత్తగా చేసినవాళ్లు ఏమనుకున్నారో ఏమో, మూడో మలుపు దగ్గర ఎర్రమన్ను తీసేసి పచ్చగడ్డి వేశారు. అప్పటికి కొత్త లారీ కూడా పాతదైంది. మే నెల, యార్డుకు సెలవులు. ఆదెయ్య ఊరికే కూర్చోలేక వస్తే మాబూబీ కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. చెప్పులు విడిచాడు. మొదటి మలుపు, రెండో మలుపు. మూడోది రాగానే ముందుకు వంగి, తెరను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూశాడు.

"కాయ ఎత్తేశారమ్మా," అని మాబూబీకి చెప్పి, కింద యాక్సిలరేటరు లేదని మరిచిపోయి, కుడికాలు నేలకేసి గట్టిగా తొక్కాడు.