టైలర్‌ను హౌగాంగ్‌కి రప్పించిన సుధాకరరావుగారు

సుధాకరరావుగారితో ఏ సంగతి ఎత్తినా, అది పందొమ్మిదో శతాబ్దపు అమెరికా అధ్యక్షుల దగ్గరికి వెళ్ళి తీరుతుంది. ఎవరు గద్దెనెక్కారు, ఎన్నాళ్ళున్నారు, పోతే ఎవరొచ్చారు, ఇదే ఆయన లోకం. ఈ పరాయి దేశానికొచ్చి సైన్స్ పార్కులో ఉద్యోగం చేసి రిటైరయ్యాక, లైబ్రరీ పుస్తకాలు తిరగేసి సొంతంగా సంపాదించిన విద్య.

ఒకసారి హాకర్ సెంటర్‌లో, తిండి దుకాణాల మధ్య, టిష్యూ ప్యాకెట్ పెట్టి కుర్చీ చోప్ చేసి, అంటే ఇక్కడి పద్ధతిలో తనదని పట్టి ఉంచి, దోసెలు తెచ్చేసరికి అందులో ఇంకెవరో ఉన్నారు. ఆయన పోట్లాడలేదు. వాళ్ళు తిని లేచేదాకా నిలబడి, అదే కుర్చీలో కూర్చుని, "క్లీవ్‌లాండూ ఇంతే. నాలుగేళ్ళు ఏలి, ఓడి, మధ్యలో ఇంకొకణ్ణి కూర్చోనిచ్చి, మళ్ళీ గెలిచొచ్చాడు" అన్నారు.

"దోసె అప్పడమైపోయింది. ఆయనకే పెట్టండి" అంది భార్య హైమావతి.

పక్క బ్లాకు లలితకుమారి ఏసీ చలికి తుమ్మినా వదల్లేదు.

"హారిసన్ ప్రమాణ స్వీకారంనాడు చలిలో కోటు లేకుండా రెండు గంటలు ఉపన్యసించాడమ్మా. నెల తిరిగేసరికి పోయాడు."

"తుమ్మానంతే బాబాయిగారూ! ప్రమాణ స్వీకారం చెయ్యలేదు."

కొన్నాళ్ళకి ఆ ప్రమాణ స్వీకారమూ వచ్చిపడింది. వీళ్ళంతా ఉండే హౌగాంగ్ పేటలోని చిన్న తెలుగు సంఘానికి ఆమె ఉపాధ్యక్షురాలు. అధ్యక్షుడు శ్రీనాథ్‌ను కంపెనీ ఉన్నట్టుండి సిడ్నీకి బదిలీ చేసింది. లలితకుమారికి ఒకటే కోరిక, ఊరి అవతలి కొసన తువాస్ షిప్‌యార్డుల్లో పనిచేసే మనవాళ్ళను ఉగాది భోజనానికి పిలవాలని. శ్రీనాథ్ ఏటా "నెక్స్ట్ ఇయర్ చూద్దాం" అంటూ దాటేసేవాడు.

మీటింగులో ఆమె ఆ మాట ఎత్తగానే కార్యదర్శి మహీధర్ అడ్డుపడ్డాడు. "ఆంటీ, మీరు జస్ట్ ఆక్టింగ్ ప్రెసిడెంట్. కొత్త డెసిషన్స్ ఎలా తీసుకుంటారు?"

ఎవరో కిసుక్కుమన్నారు. లలితకుమారి మాట మధ్యలోనే ఆపి కూర్చుంది.

సుధాకరరావుగారు లేచారు. హాలంతా నీరుగారిపోయింది.

"హారిసన్ పోయాక ఉపాధ్యక్షుడు టైలర్ గద్దెనెక్కాడు. అలా జరగడం అదే మొదలు. ఆపద్ధర్మం అన్నారు, వెక్కిరించారు. 'ఆక్టింగ్ ప్రెసిడెంట్' అని రాసిన ఉత్తరాలు ఆయన విప్పకుండానే తిప్పి పంపాడు!"

"అంకుల్, ఇది హౌగాంగ్..."

"అంత దేశానికి సరిపోయిన పద్ధతి మన పులిహోరకి సరిపోదా?"

అందరూ ఘొల్లుమన్నారు. ఆమెను చూసి కాదు, ఆయన్ని చూసి. ఆయన అక్కణ్ణించి ఒక్కసారి చాలన్న పోల్క్ మీదికీ, మూడోసారికి ఆశపడ్డ గ్రాంట్ మీదికీ మళ్ళారు. గంట గడిచింది. ఆకళ్ళు మొదలయ్యాయి.

"ఓకే అంకుల్, ఆంటీ ఫుల్ ప్రెసిడెంటే లా! ఇంక ఆపండి!" అని ఇక్కడివాళ్ళలా మాట చివర 'లా' తగిలించి మహీధర్ దండం పెట్టాడు.

ఈలోగా తేరుకున్న లలితకుమారి లేచి తన మాట చెప్పింది. చేతులన్నీ లేచాయి.

ఉగాదినాడు తువాస్ నుంచి బస్సులు నిండుగా వచ్చాయి. "పచ్చడి నోట్ల పడక ఏండ్లయింది మేడం" అంటూ రామన్న అనే వెల్డరు గ్లాసు మళ్ళీ చాపాడు.

లలితకుమారి బొబ్బట్లు పట్టుకుని సుధాకరరావుగారి దగ్గరికి వెళ్ళింది. "మీ టైలర్‌కి దండం పెట్టాలి బాబాయిగారూ. తర్వాత ఆయన సంగతేమైంది?"

అడక్కుండానే చెప్పే మనిషి, అడిగితే దిక్కులు చూశారు.

"నేను చెప్తా" అంది హైమావతి. "మంత్రుల్లో ఒక్కడు తప్ప అందరూ రాజీనామా చేశారట. సొంత పార్టీయే వెళ్ళగొట్టిందట. రెండోసారి ఊసే లేదట."

"అయ్యో! మరి ఆ రోజు చెప్పలేదేం?"

"టైము చాల్లేదమ్మా" అన్నారు సుధాకరరావుగారు, బొబ్బట్టు తుంచుకుంటూ.

లలితకుమారి నవ్వి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"ఇవాళ బోలెడుంది. మొదట్నించీ చెప్పండి."

హైమావతి తన ప్లేటు తీసుకుని పక్క బల్లకి పారిపోయింది.