కుడివైపు నీడ

ఇది సరదాగా పెట్టుకున్న ప్రయాణం కాదు. సింగపూర్‌లో ఒక వృద్ధాశ్రమంలో నాకు వంటపని కుదిరింది. వర్క్ పాస్‌కి దరఖాస్తు పెట్టాలంటే ముందు మెడికల్ పరీక్ష కావాలంటూ ఏజెంటు ఏలూరులోని ఒక సెంటర్‌కి చీటీ రాసిచ్చాడు. ఐస్ లారీ మీంచి పడ్డప్పటి నుంచి మా ఆయన ప్రకాశం నడుము వంచలేరు. చేపల చెరువుల మీద ఆయన పని అప్పుడే పోయింది. హాస్టల్లో వండి నేను తెచ్చే జీతంతో ఇల్లు నడపడం ఇక నా వల్ల కావడం లేదు. కాబట్టి ఫిట్ అని రావాలి, అంతే.

రాత్రి ఎనిమిది దాటాక ఏమీ తినొద్దన్నారు. తెల్లవారుజామున ఐదింటికి మా అమ్మాయి లిల్లీ లేచి, నా తలనిండా కొబ్బరినూనె పెట్టి జడ వేసింది. పదో తరగతి చదువుతోంది. నేను ఏ ఊరు వెళ్ళినా జడ తనే వెయ్యాలి. "లూజుగా వేస్తే ఊరు దాటకముందే ఊడిపోద్దమ్మా" అంటూ నొప్పి పుట్టేలా బిగించింది. నా జుట్టంటే నాకు కాస్త గర్వమే, దాచుకోవడం ఎందుకు.

ఐదూ యాభైకి ఉండి బస్టాండులో తాడేపల్లిగూడెం బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే కండక్టరు ఆడవాళ్ళ ఉచిత టికెట్టు కొట్టిచ్చాడు. సీటు మాత్రం పిప్పర దాకా దొరకలేదు. గూడెం స్టేషన్‌లో రైలు ఇరవై నిమిషాలు ఆలస్యం. ప్లాట్‌ఫాం మీద ఇడ్లీలవాడు నా ముందు నుంచే ఆరుసార్లు తిరిగాడు. ఖాళీ కడుపుతో వెళ్ళేవాళ్ళు టిఫిన్ బండికి దూరంగా ఉన్న బెంచీ చూసుకోండి.

రైల్లో నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. జుట్టంతా ఎత్తి నడినెత్తిన ముడి పెట్టుకుంది. స్నానానికి వెళ్తూ మధ్యలో రైలెక్కినట్టుంది మనిషి. నాకు లోపల నవ్వొచ్చింది. ఆవిడ చేతిలోనూ నా చీటీ లాంటిదే ఉంది.

"ఏమ్మా, నువ్వూ ఆ సెంటర్‌కేనా?" అని అడిగింది.

"అవునండి. మీరూ అక్కడికేనాండి?"

"అవునమ్మా. నల్లజర్ల మాది. వజ్రమ్మంటారు. రెండుసార్లు మస్కట్ వెళ్ళొచ్చాను, ఇది మూడోసారి. భయపడకు, సూది ఒక్కటే కాస్త నొప్పి."

తొమ్మిదింటికి ఏలూరులో దిగి, ఇద్దరం ఆటోలో సెంటర్‌కి వెళ్ళాం. అప్పటికే నలభై మంది ఉన్నారు. రక్తం తీశారు, బీపీ చూశారు, బరువు చూశారు, కళ్ళు, చెవులు, చివరికి పళ్ళు కూడా చూశారు. సంతలో గేదెను చూసినట్టే చూశారు, కాకపోతే మర్యాదగా అండీ అంటూ చూశారు. ఒక్కో గది ముందూ అరగంట నిలబడాలి. పదకొండింటికి నా కాళ్ళు నావి కాకుండా పోయాయి.

ఎక్స్‌రే గదిలో గొలుసు, పిన్నులు తీయించి గౌను ఇచ్చారు. దాని మెడ మరీ వెడల్పు. ఎదురుగా ఫోటో తీసే మగమనిషి. పైట లేకుండా పరాయివాళ్ళ ముందు నేనెప్పుడూ నిలబడలేదు. చెయ్యి దానంతటదే వెళ్ళి జడను కుడి భుజం మీంచి ముందుకు లాగి కప్పుకుంది. "ఊపిరి బిగబట్టండమ్మా" అన్నాడతను తలెత్తకుండానే. బిగబట్టాను.

పన్నెండుంపావుకి డాక్టరుగారు పిలిచారు. "కుడివైపు పైన నీడ కనిపిస్తోందమ్మా. ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండేదా?"

మా నాన్న టీబీతోనే పోయారు. ఆ మాటే చెప్పాను. ఆయన ఏదో రాసుకున్నారు. "ఇది ఇలాగే ఉంటే ఫిట్ అని రాయలేను. బయట కూర్చోండి, కఫం పరీక్షకు రాసిస్తాను" అన్నారు. నాకు అనుమానం కూడా రాలేదు, నమ్మేశాను. నాన్న దగ్గు చెవుల్లో వినిపించింది. అంతవరకూ లేని దగ్గు నాకూ వచ్చింది.

బయట బల్ల మీద వజ్రమ్మగారు పులిహోర డబ్బా తెరిచి సగం నా ముందు పెట్టింది. ఇక తినొచ్చు గానీ డబ్బా పక్కకు జరిపాను. సంగతి చెప్పాను. ఆవిడ నా జడ వైపు చూసింది.

"ఫోటోకి నిలబడినప్పుడు ఇది ఎక్కడుందమ్మా?"

"ముందుకేసుకున్నానండి. సిగ్గేసి."

"నూనె రాసిన జడ అందులో మరకలా పడుద్దమ్మా. మొదటిసారి నాకూ ఇదే అయ్యింది. ఈ ముడి అందం కోసం అనుకున్నావా?"

నన్ను లేవదీసి, తనే డాక్టరుగారి గదిలోకి నడిచింది. "ఏవండీ డాక్టరుగారూ, ఈ అమ్మాయి జడ ముందుకేసుకుని తీయించుకుందంటండి. ఒక్కసారి మళ్ళీ తీయించండి" అంది. ఆయన ఫిల్ము ఇంకోసారి వెలుతురుకి పట్టి చూసి, సరేనన్నారు. వజ్రమ్మగారు తన పిన్నులు తీసి నా జడను నడినెత్తిన చుట్టింది. పొద్దున నవ్వుకున్న ముడే నా తల మీదికొచ్చింది. రెండో ఫోటో ఒంటిగంటన్నరకు అయింది. ఫలితం సాయంత్రం ఫోన్‌కి పంపుతామన్నారు.

తిరుగు ప్రయాణం రైల్లో కాకుండా, మూడుంపావు కైకలూరు బస్సులో కొల్లేరు మీదుగా పెట్టుకున్నాను. దగ్గరి దారి కాదు గానీ కిటికీ పక్కన సీటు దొరుకుతుంది. సెలవు తీసుకునేటప్పుడు వజ్రమ్మగారు పిన్నులు తిరిగి తీసుకోలేదు. దారి పొడవునా చెరువులు, వాటిలో చేపలకి గాలి అందేలా నీళ్ళు చిలికే ఏరేటర్లు, గట్ల మీద గూడబాతులు. మా ఆయన ఇరవై ఏళ్ళు ఇలాంటి గట్ల మీదే నడిచారు.

నిజం చెప్పాలంటే, నీడ ఉందన్నాక ఆ బల్ల మీద కూర్చున్నంతసేపూ చచ్చేంత భయపడ్డాను. కానీ ఆ భయం పక్కనే ఇంకొకటి కూడా ఉంది. ఇక వెళ్ళక్కర్లేదు, ఇంట్లోనే ఉండిపోవచ్చు అని ప్రాణం హాయిగా అనిపించింది. అందుకు సిగ్గుపడ్డాను కూడా.

నాలుగూ నలభైకి మెసేజ్ వచ్చింది. ఛాతీ నార్మల్, ఫిట్. ఇంటికి ఫోన్ చేశాను.

"ఫిట్ అన్నారండి."

మా ఆయన "మంచిదేలే" అని ఫోన్ అమ్మాయికిచ్చారు.

నవ్వుతుందని లిల్లీకి జడ సంగతంతా చెప్పాను. అది నవ్వలేదు.

"అయితే ఆ మొదటి ఫోటోయే ఉంచేసి ఉండాల్సింది గదమ్మా" అంది.

కైకలూరులో దిగి ఆకివీడు బస్సు కోసం నిలబడ్డాను. ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది, అవతల అది జవాబు కోసం చూస్తోంది. నాకూ ఒక పూట అలాగే అనిపించిందని దానికెలా చెప్పను? "నూనె సీసా మూత పెట్టావా?" అని అడిగాను.