పదకొండు తూటాల పెట్టెల్లో తోటకూర

నేరేడ్‌మెట్ దాటి రాతిగుట్ట మీద మా లారీ ఆగేసరికి ఉదయం ఏడున్నర. నిజాం రాజ్యం మీద పోలీసు చర్య ముగిసిన మూడో వారం. సన్నటి వాన. గుట్ట మీద ఒక వైర్‌లెస్ గది, సామాన్లు పెట్టే రేకుల కొట్టు, ఇసుక బస్తాలతో కట్టిన రెండు కాపలా చోట్లు. పన్నెండు మందిమి. కింద అంతా రాయి. గడ్డపార వేస్తే నిప్పురవ్వలు లేచేవి తప్ప మట్టి లేచేది కాదు.

నెల రోజులు పప్పూ ఉల్లిపాయే తిన్నాం. కూరగాయల బండి గుట్ట ఎక్కేది కాదు. ముగ్గురికి చిగుళ్ల నుంచి నెత్తురు కారింది. హవల్దారు నన్ను పిలిచాడు.

"నువ్వు జమీందారు మనవడివి కదా. మీ దివాణానికి పెద్ద తోట ఉండేదట. మాకు నాలుగు ఆకులు మొలిపించు, చూద్దాం."

ఆ తోట నేను పుట్టకముందే పరుల పాలైంది. నేను ఏనాడూ విత్తనం చేత పట్టలేదు. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.

"మొలిపిస్తానండి."

అప్పటికి భుజానికి కుట్టే లాన్స్ నాయక్ పట్టీకి నా పేరు పైకి వెళ్లింది. మా ఇంట్లో రెండు తరాల తర్వాత వచ్చే మొదటి హోదా. అమ్మకు ఉత్తరం కూడా రాశాను.

కొట్టులో ఖాళీ ఇనుప తూటాల పెట్టెలు పదకొండు ఉన్నాయి. డిపోకు తిరిగి అప్పగించాల్సినవి. గీత పడకూడదు. తుడిచి, నూనె రాసి, తాడు పట్టి వరసగా నిలబెట్టాను. కింది చెరువు ఒండ్రు, దళం సామాన్లు మోసే కంచరగాడిదల లద్దె కలిపి నింపాను. తోటకూర, మెంతి చల్లాను. ఆరో రోజుకు మొలకలు. పన్నెండో రోజుకు అన్నీ పసుపుబారి పడిపోయాయి. కంపు.

మాకు రోజూ తోలుసంచితో నీళ్లు మోసే పెద్దాయన ఖాసిం సాబ్. మా దళాలు ఊళ్లోకి వచ్చినప్పటి నుంచి తల వంచుకుని వచ్చి, తల వంచుకుని వెళ్లేవాడు. ఆ రోజు ఆగి, ఒక పెట్టెలో వేలు గుచ్చాడు.

"ఏంది సాబ్ గిది? బాయి తవ్వినవా?"

"తోట," అన్నాను బిగుసుకుని.

"నీళ్లు పోసుడే గని, పోయే తొవ్వేది? పెట్టె అడుగుకు నాలుగు బొక్కలు కొట్టు. లేకుంటే నువ్వు సుత గందుల కుళ్లిపోతవ్."

"సర్కారు పెట్టెలు, ఖాసిం సాబ్. చిల్లు పెడితే నేరం."

"అయితే సర్కారునే మొలువమను."

మేకు, సుత్తి తీసుకుని నలభై నాలుగు చిల్లులు కొట్టాను. ఇటుకల మీద ఎత్తి పెట్టాను. మళ్లీ చల్లాను. ఇరవై ఆరో రోజున మొదటి కోత. మా వైర్‌లెస్ సిపాయి కింది కేంద్రానికి కబురు చెప్పాడు.

"ఈ పూట తోటకూర పప్పు. ఓవర్."

"మాకూ పంపండి. ఓవర్."

"పంపం. ఓవర్."

ఆ వారమే కెప్టెన్ తనిఖీకి వచ్చాడు. పెట్టెల కింద కారుతున్న నీళ్లు చూశాడు.

"ఎవరు కొట్టారీ చిల్లులు?"

నా పక్కనున్న నాయక్ పెదవి కదలకుండా అన్నాడు. "నీళ్లాయన కొట్టాడని చెప్పెయ్. ఎవరూ అడగరు."

నిజమే. ఆ రోజుల్లో ఆయనలాంటివాళ్ల తరఫున ఎవరూ అడిగేవారు కాదు. ఖాసిం సాబ్ నాలుగు అడుగుల దూరంలో, నేల చూస్తూ నిలబడి ఉన్నాడు.

నేను ఒక అడుగు ముందుకు వేశాను. "నేనే, సార్."

పట్టీ ఇంకొకరికి వెళ్లింది. మర్నాడు ఖాసిం సాబ్ తడిగుడ్డలో చుట్టిన నారు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"మిరప. రెండేండ్లు కాస్తది. జెర ఎండ తగలనియ్యి."

తోలుసంచి భుజాన వేసుకుని గుట్ట దిగాడు.

ఇన్నేళ్ల తర్వాత, డాబా మీద డబ్బాల్లో కూరలు పెంచే మీరు మందులేం వెయ్యాలని నన్ను అడుగుతుంటారు. ముందు డబ్బాకు చిల్లు పెట్టండి. తర్వాత సంగతి తర్వాత.

ఎండలు ముదరకముందే మా దళాన్ని మార్చారు. ఉత్త భుజంతో ఇంటికి చేరాను. పట్టీ ఏదని అమ్మ అడిగింది. ఉన్నది ఉన్నట్టు, నిటారుగా నిలబడే చెప్పాను.

గుట్ట దిగుతున్న లారీలోంచి చివరిసారి చూసింది మాత్రం ఇప్పటికీ కళ్ల ముందు నుంచి పోదు. మిరపచెట్ల మధ్య ఖాసిం సాబ్. చెయ్యి ఊపలేదు. రెండు చేతులూ తోలుసంచి మూతి మీద ఉన్నాయి. తల మాత్రం పైకెత్తి, లారీ మలుపు తిరిగేదాకా మా వైపే చూస్తూ నీళ్లు పోస్తున్నాడు.