నా గొంతుతో వచ్చిన ఫోన్

మాది చర్చికెళ్ళే కుటుంబం. దయ్యాలూ చేతబడులూ అని ఎవరన్నా మొదలుపెడితే మా నాన్నగారు లేచి వెళ్ళిపోయేవారు. నాదీ అదే స్వభావం. పైగా బందరులో ఆడవాళ్ళ సహాయ కేంద్రంలో కౌన్సిలర్‌ని. మొగుళ్ళు చేసిన గాయాలు రోజూ చూసేదాన్ని, మనుషులుండగా మళ్ళీ దయ్యాలకి భయపడటమేంటి అనుకునేదాన్ని. ఇప్పుడు చెప్పబోయేది కూడా నమ్మమని అడగను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

కుమారిది నాగాయలంక దగ్గర చిన్న పల్లె. భర్త రొయ్యల చెరువుల మీద పనికెళ్తాడు. ఆరేళ్ళ పాప, స్నేహ. పుట్టుకతోనే గొంతులో ఏదో ఇబ్బంది, ముద్ద దిగదు. జావ లాంటిది వడగట్టి ఇస్తే తాగుతుంది. అప్పుడప్పుడు ఫిట్స్ కూడా వస్తాయి.

ఒకరోజు మధ్యాహ్నం అన్నం దగ్గర గొడవై, భర్త కర్రతో కొడితే కుమారి ఎడం చెయ్యి విరిగింది. పాపని తీసుకుని ఆటో ఎక్కింది. పోలీస్ స్టేషన్‌లో ముందు హాస్పిటల్‌కెళ్ళమన్నారు. అవనిగడ్డలో ఎక్స్‌రే తీసి బందరు పొమ్మన్నారు. బందరులో కట్టు కట్టి, తెల్లారగానే మంచం ఖాళీ చెయ్యమన్నారు. ఎవరో దారి చూపిస్తే, పాపతో మా సెంటర్‌కి వచ్చింది. నేను వాళ్ళని చూడటం అదే మొదటిసారి.

పాపకి ఫిట్స్ అనగానే మా ఇన్‌ఛార్జి గారు కుర్చీ వెనక్కి జరుపుకున్నారు.

"ఇక్కడ ఏమన్నా అయితే ఎవరు జవాబు చెబుతారు? పిల్లల సంరక్షణ ఆఫీసుకి తీసుకెళ్ళండి."

నేనే తీసుకెళ్ళాను. అక్కడి అధికారి బజ్జీలు తింటున్నాడు. ఆ నూనె వేళ్ళతోనే ఎక్స్‌రే ఫిల్మ్ లాక్కుని కిటికీకేసి పెట్టి చూశాడు. కట్టు కొంచెం పైకి జరపమన్నాడు. ఎముకకీ ఆయన ఉద్యోగానికీ ఏం సంబంధమో నాకర్థం కాలేదు. కుమారి మళ్ళీ మొదటి నుంచీ అంతా చెప్పింది. ఆయన నములుతూ విన్నాడు.

"తల్లి ఉందిగా, అనాథ కాదుగా. ఈవిడ వదిలేసి వెళ్తే పాపనొక్కదాన్నే తీసుకుంటాం" అన్నాడు.

కుమారి ఆ విరిగిన చెయ్యి కూడా వేసి పాపని దగ్గరికి లాక్కుంది. నొప్పికి మొహం పాలిపోయింది. ఆయన ఇంకో బజ్జీ తీసుకున్నాడు.

మా వ్యవస్థంతా ఇంతే. స్టేషనూ, హాస్పిటలూ, మేమూ, పిల్లల ఆఫీసూ, అందరం ఉన్నాం. ప్రతిచోటా మనిషిని మొదటి నుంచీ చెప్పించుకుంటాం, దెబ్బలు చూపించమంటాం, తర్వాత పక్క ఆఫీసు పేరు చెబుతాం. "ఫలానా ఆవిడ వస్తోంది, కాస్త చూసుకోండి" అని ఒక ఫోన్ చెయ్యడానికి ఎవరికీ చెయ్యి రాదు. మెట్లు దిగుతుంటే ఆ నూనె నా ఒంటికే అంటినట్టు రోతగా అనిపించింది.

గుడివాడలో తల్లీపిల్లల్ని కలిపి ఉంచే హోమ్ ఒకటుందని విన్నానే గానీ ఎప్పుడూ వెళ్ళలేదు, అక్కడెవరితోనూ మాట్లాడలేదు. నంబరు కనుక్కుని చేశాను. మోగుతోంది, ఎవరూ ఎత్తడంలేదు. చివరికి చెప్పాపెట్టకుండానే వాళ్ళని బస్సెక్కించి, నేనూ ఎక్కాను.

దీపాలు పెట్టే వేళకి చేరాం. గేటు దగ్గర, "ఏవండీ, బందరు నుంచి వచ్చాం" అన్నానో లేదో, వార్డెన్ సుగుణ గారు గబగబా వచ్చేశారు.

"వచ్చారా! నిన్నంతా ఎదురుచూశామండీ. చెయ్యి జాగ్రత్తమ్మా, మెల్లగా రా."

లోపల మంచం వేసి ఉంది. ఎడం చెయ్యి ఆనించుకోడానికి ఒక దిండు. వంటావిడ స్టీలు గ్లాసులో రాగిజావ తెచ్చింది. పల్చగా, వడగట్టి. స్నేహ ఆపకుండా తాగేసింది.

"మేం వస్తున్నట్టు మీకెవరు చెప్పారండీ?" అన్నాను.

సుగుణ గారు నవ్వారు. "అదేంటండీ, మీరేగా ఫోన్ చేసింది! నిన్న పొద్దున్నే. తల్లికి ఎడం చెయ్యి విరిగింది, పాపకి ముద్ద దిగదు, జావ వడగట్టాలి అని చెప్పారుగా. గేటు దగ్గర మీరు నోరు తెరవగానే గొంతు గుర్తుపట్టాను."

"నిన్న పొద్దున్నా? ఇవాళ కాదూ?"

"నిన్నేనండీ. అప్పటికి టిఫిన్లు కూడా అవలేదు" అంది వంటావిడ. "అప్పుడే రాగిపిండి తెప్పించాను. నిన్న కాచిన జావ పారబోశాం కూడా."

కుమారి మంచం మీద నుంచి నావైపు చూసింది. "నిన్న పొద్దున నేను పాపకి జడేస్తున్నాను మేడమ్. అప్పటికి నా చేతికేమీ కాలేదు."

ఆ సమయంలో నేను మా ఊరు పెదపారుపూడి నుంచి డ్యూటీకి వస్తూ బస్సులో ఉన్నాను. కుమారి అనే మనిషి ఉందనే నాకు తెలీదు. ఫోన్ బ్యాగులోంచి తీసిన గుర్తు లేదు. తర్వాత వెతికి చూసినా అందులో ఆ నంబరుకి అంతకుముందు చేసిన కాల్ లేదు. హోమ్‌లో ఉన్నది పాత ల్యాండ్‌లైన్, ఎవరు చేశారో కనపడదు. రోజు పొరబడ్డారేమో అని వార్డెన్‌నీ వంటావిడనీ విడివిడిగా అడిగాను. ఇద్దరిదీ అదే మాట.

కొన్నాళ్ళకి కలెక్టరేట్‌లో మీటింగ్ జరిగింది. తల్లీబిడ్డల్ని హోమ్‌కి చక్కగా అప్పగించారని పెద్దాఫీసరు మెచ్చుకున్నారు. ముందుగానే ఫోన్ వచ్చిందని హోమ్ వాళ్ళు రాశారట, చేసిందెవరని అడిగారు. మా ఇన్‌ఛార్జి గారు వెంటనే "మా సెంటరే సార్" అన్నారు. బజ్జీల ఆయన లేచి, "మా ఆఫీసు నుంచి కూడా చేశాం సార్" అన్నాడు. చప్పట్లు కొట్టారు.  నేను బయటికొచ్చి కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాను. ఫోన్ ఎవరు చేశారో తెలీని ఆ భయం కంటే, వీళ్ళ మొహాలే ఎక్కువ వికారం పుట్టించాయి.

మొన్నీమధ్య గుడివాడ వెళ్ళాను. కుమారి కట్టు విప్పేశారు, కుట్టుపని నేర్చుకుంటోంది. స్నేహ కొంచెం ఒళ్ళు చేసింది. వచ్చేస్తుంటే కుమారి గేటుదాకా వచ్చింది.

"మేడమ్, ఒకటడగనా? ఆ ఫోన్ చేసినావిడకి నా చెయ్యి విరుగుతుందని పొద్దున్నే తెలుసుగా. దిండు పెట్టమని వీళ్ళకి చెప్పింది. ఇంట్లోంచి వెళ్ళిపొమ్మని నాకెందుకు చెప్పలేదు?"

 ఆ ఫోన్ చేసిందెవరో నాకిప్పటికీ తెలీదు. కానీ కుమారి ఆ మాట అడుగుతున్నంతసేపూ నా మొహంలోకే చూస్తోంది, చేసింది నేనే అన్నట్టు.