గులాబీలు లేని పళ్ళేలు

ఆ రోజుల్లో (ఎంతో వెనక్కి వెళ్ళక్కర్లేదు, ఫోన్లో ఊళ్ళోవాళ్ళ ఇళ్ళన్నీ చూసి మన ఇంటిని తిట్టుకోవడం అప్పుడప్పుడే అలవాటవుతున్న కాలం) నాకు మా ఇంట్లో ఏ వస్తువూ నచ్చేది కాదు. పటమటలో అత్తగారింటికి కాపురానికి వచ్చిన కొత్త. ఉద్యోగముంది, నోరుంది, నా అభిప్రాయాలకు తిరుగులేదన్న నమ్మకం అంతకంటే ఎక్కువగా ఉంది. ఆ ఇంట్లో అందరం సొట్టలు పడ్డ స్టీలు కంచాల్లో తినేవాళ్ళం. షోకేసులో మాత్రం అత్తయ్య పెళ్ళికి వచ్చిన గులాబీల పింగాణీ సెట్టు బంగారు అంచులతో మెరుస్తూ ఉండేది. చుట్టాలొస్తే దిగేది, వాళ్ళు చేతులు కడుక్కోగానే మళ్ళీ ఎక్కేది. "మనకెందుకమ్మా అవి? మనం ఇంట్లోవాళ్ళమేగా" అనేవారు అత్తయ్య. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. ఇంట్లోవాళ్ళం కాబట్టే మంచివాటిలో తినాలి కదా! పువ్వూ గీతా లేకుండా, సాదాగా, కంటికి హాయిగా ఉండే పళ్ళేలు కొని, రోజూ వాటిలోనే తిని తీరాలని పంతం పట్టాను.

మావారిని వెంటేసుకుని తోపుడుబళ్ళ మధ్యలోంచి దారి చేసుకుంటూ వన్ టౌన్లో ఒక పింగాణీ కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన గులాబీలు చూపించాడు, నెమళ్ళు చూపించాడు, ద్రాక్షగుత్తులు చూపించాడు. "ఏమీ లేనివి కావాలండీ" అన్నాను. "ఏమీ లేకపోతే ఎవరు కొంటారు మేడమ్?" అని ఆయన నిజంగానే బాధపడ్డాడు. చివరికి పై గోడౌన్లోంచి బూడిదరంగు పళ్ళేలు దింపించాడు. నున్నగా, పలకలా, అంచన్నది లేకుండా! చూడగానే నా మనసు వాటి మీద పడిపోయింది. "ఇవి కేకులమ్మే హోటళ్ళవాళ్ళు తీసుకెళ్తారండీ. ఇంట్లో వాడకానికంటే మరి, పులుసూ చారూ పోసుకుంటారు కదా..." అని నసిగాడు. "మా తంటాలు మేం పడతాంలెండి" అన్నాను ధాటిగా. మావారు కొట్టు పైకప్పు వైపు చూస్తూ నిలబడ్డారు (ఆయన ఇప్పటికీ అంతే).

ఆ రాత్రి భోజనంలో పప్పు దాకా అంతా సజావుగానే సాగింది. తర్వాత టమాటా చారు వచ్చింది. మామయ్య పళ్ళెంలో నేను గరిటెడు చారు పోశాను. అది అన్నాన్ని పలకరించి, అక్కడ ఆగకుండా, నేరుగా వెళ్ళి ఆయన ఒళ్ళో పడింది. దివిసీమలో ఏళ్ళ తరబడి వ్యవసాయం చేసిన మనిషి మామయ్య. పంచె దులుపుకుంటూ, "గట్టు లేని చేలో నీళ్ళెలా నిలుస్తాయమ్మా?" అని నెమ్మదిగా అడిగారు. నవ్వు ఆపుకోలేక మావారికి పొలమారింది. అత్తయ్య లేచి వెళ్ళి రెండు స్టీలు కంచాలు తెచ్చి, ఒకటి మామయ్య ముందు, ఒకటి తన ముందు పెట్టుకున్నారు. నేను మాత్రం అన్నంతోనే చుట్టూ గోడ కట్టి, మధ్యలో చారు పోసుకుని, గోడ తెగేలోపు గబగబా తినేశాను. నాలుక కాలింది. "చాలా బాగుంది" అన్నాను.

అప్పట్నుంచీ ఒకే బల్ల మీద రెండు పార్టీలు. చారుకి విడిగా గిన్నెలు కొనుక్కొచ్చాను గానీ, పెద్దవాళ్ళు స్టీలు వదల్లేదు. నవ్వుకుంటూ తింటున్నా, నా పక్కన వాళ్ళు వేరే కంచాల్లో తింటుంటే నేనింకా ఆ ఇంటికి చుట్టాన్నేనేమో అనిపించి లోపల గుబులుగా ఉండేది.

ఇంతలో అత్తయ్యగారి అక్క, గన్నవరం పెద్దత్తయ్య, భోజనానికి వచ్చారు. ఆవిడ ముందుగదిలో కూర్చోగానే అత్తయ్య షోకేసు తాళం తీయబోయారు. నేను అడ్డం నిలబడ్డాను.

"అత్తయ్యా, ఆ గులాబీల పళ్ళెంలో మీరెప్పుడైనా తిన్నారా?"

"నేనెందుకు తింటానే? ఒకటి పగిలితే సెట్టు చెడిపోదూ?"

"మీ పెళ్ళికిచ్చినవాటిలో మీరు తప్ప ఊరంతా తిన్నారు. ఇవాళ అవి దిగడానికి వీల్లేదు. మనం తినేవాటిలోనే ఆవిడకీ పెడదాం."

అత్తయ్య తాళంచెవి మళ్ళీ కొంగుకి ముడేసుకున్నారు. తిడతారనుకున్నాను. వంటింట్లోకి వెళ్ళి, బూడిదరంగు పళ్ళేలు తీసి, తడిగుడ్డతో తుడిచి, బల్ల మీద పరిచారు. తనకి కూడా ఒకటి పెట్టుకున్నారు.

పెద్దత్తయ్య బల్ల దగ్గరికి రాగానే ముక్కు మీద వేలేసుకున్నారు. "ఇవేంటే, సిమెంటు పలకల్లా? కోడలు ఏం చెబితే దానికల్లా తలూపుతున్నావా?"

నేను నోరు తెరిచేలోపే అత్తయ్య అందుకున్నారు. "మేం రోజూ వీటిల్లోనే తింటాం అక్కా. నీకు పువ్వులే కావాలంటే అదిగో, గోడమీద క్యాలెండరుంది, చూస్తూ తిను."

రోజూ అట! చారు ఒలికిన రాత్రి తర్వాత ఒక్క పూటైనా వాటిని ముట్టని మనిషి! నేను కూర గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మామయ్య తలొంచుకుని, పళ్ళెం తన ముందుకి లాక్కుని, "వడ్డించమ్మా" అన్నారు.

ఆ పళ్ళేలు ఇప్పటికీ వాడుతున్నాం. కొన్నిటికి పెచ్చులూడాయి. నాకు జుట్టు నెరుస్తోంది, ఆఫీసులోనూ ఇంట్లోనూ చాలా వాటికి "సరేలెండి" అనేయడం వచ్చింది. పళ్ళెం కోసం నాలుక కాల్చుకున్న ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. కానీ ఇప్పుడు ఎదురుపడినా దానికి బుద్ధి చెప్పను. పక్కన కూర్చోబెట్టుకుని, ఇంకాస్త అన్నం పెడతాను.