రెండో చీటీ

నా గుండెల మీద ఒక కాగితం ముక్క ఉంది. వేలెడంత కూడా ఉండదు. అయినా ఇన్నేళ్ళుగా దించుకోలేకపోయాను. ప్రభు బల్ల దగ్గర రొట్టె చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ అదే గొంతుకి అడ్డం పడుతుంది. పాస్టరుగారితో చెప్పే ధైర్యం లేదు. మా ఆయనకి చెబుదామనుకుంటూనే ఉన్నాను, ఆయన కాస్తా పోయాడు. నువ్వెవరో నాకు తెలీదు. అందుకే నీతో చెబుతున్నాను.

పోర్టు కళాసీల లైన్లలో మా ఇంటికి రెండిళ్ళవతల దీనక్క ఉండేది. నాకంటే పెద్దది, మా ప్రార్థన కూటానికి ఆవిడ మాటే మాట. నా కొడుక్కి అప్పుడు మూడేళ్ళు. వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. పెద్దాసుపత్రికి రిక్షాలో తీసుకెళ్తుంటే దారిలోనే, నా ఒళ్ళోనే పోయాడు. వాణ్ణి మట్టిలో పెట్టి వచ్చిన వారానికి కూటంలో అందరి ముందూ దీనక్క అంది.

"ఏడవకే సెల్లీ. ఆసలన్నీ ఒగ్గీ. ఆయన సిత్తానికి ఒప్పుకో. నీకు ఇస్వాసమే ఉంటే ఆసుపత్రికి పరిగెట్టీదానివా? పిల్లోడు బతికీవోడు."

బతికీవోడట! ఆ నోరు పడిపోను. పైకి మాత్రం తలూపాను. ఆశ ఒగ్గీమంటే ఒగ్గీడానికి అదేమన్నా చేతిలో సంచా? 'నా ఇష్టం కాదు తండ్రీ, నీ చిత్తమే' అని అందరితోపాటు నేనూ అన్నాను. లోపల మాత్రం ఒక్కటే అనుకున్నాను. నీకూ ఒక రోజు వస్తుందే దీనక్కా. అప్పుడు చూస్తాను, నువ్వెలా ఒప్పుకుంటావో.

వచ్చింది. ఊళ్ళో ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులు. దీనక్కకి ఒక్కగానొక్క కూతురు, రూతు. దూరాన ఏదో మిషనాసుపత్రిలో దానికి నర్సు ట్రైనింగు సీటొచ్చింది. పిచ్చిది, వీధంతా గెంతింది. ఆడపిల్లని అంత దూరం పంపాలా, వద్దా? ఇలాంటివి మా కూటంలో చీటీలేసి దేవుణ్ణే అడిగేవాళ్ళం. ఒకదాని మీద 'వెళ్ళు', ఒకదాని మీద 'వద్దు'. అడిగేవాళ్ళు రాయకూడదు. చేతికొచ్చిన చీటీయే దేవుడి మాట. రెండోది విప్పకుండా పొయ్యిలో వెయ్యాలి. విప్పితే దేవుణ్ణి అనుమానించినట్టే. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని రాసే పని ఎప్పుడూ నాకే ఇచ్చేవాళ్ళు.

రెండిటి మీదా 'వద్దు' అని రాశాను.

చెయ్యి వణికిందా? లేదు. అబద్ధం ఎందుకు, ఆ పూట నా చెయ్యి ఎప్పటికంటే స్థిమితంగా ఉంది.

దీనక్క మోకాళ్ళ మీద ఉండి ప్లేటులోంచి ఒక చీటీ తీసింది. రూతు విప్పి చదివింది. దాని మొహం చూడలేదు నేను, వాళ్ళమ్మ మొహమే చూస్తున్నాను. రూతు నా వైపు తిరిగింది.

"పిన్నీ, ఆ రెండోది ఓపాలి ఇప్పి సూద్దుమా?"

నేను ప్లేటు మీదికి చెయ్యి చాపాను. ఈలోగా దీనక్క కస్సుమంది.

"తప్పు! దేవుడి మీద అనుమానమేటే నీకు?"

ప్లేటులో ఉన్న చీటీ తీసి తన చేత్తోనే పొయ్యిలో పడేసింది. నేను లోలోపల చంకలు గుద్దుకున్నాను. తన కూతురి బతుకుని తన విశ్వాసంతోనే కాల్చుకుందనుకున్నాను. ఇంక ఏడుస్తుంది, అప్పుడు నేనంటాను, ఆశలు ఒగ్గీ అక్కా అని. నాలుక చివర సిద్ధంగా పెట్టుకున్నాను ఆ మాట.

ఆవిడ ఏడవలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, "నీ సిత్తమే తండ్రీ" అంది. నిజంగానే అంది! నాకు ఒక్కనాడూ చేతకానిది, నా దొంగ చీటీ పట్టుకుని ఆవిడ చేసేసింది. మరి నేను గెలిచిందేమిటి? పగ తీర్చడం దేవుడి పని అని చదువుకున్నదాన్నే. ఆయన పని ఆయన చెయ్యడం లేదని నేనే చేశానా? లేక నా బిడ్డని తీసుకున్నందుకు ఆయన మీదే తీర్చుకున్నానా, ఆయన నోట్లో నా మాట పెట్టి?

రూతు హార్బరు దగ్గర రొయ్యల కంపెనీలో చేరింది. రోజంతా ఐసులో చేతులు పెట్టి రొయ్యలు ఒలవడమే పని. పెళ్ళై గోపాలపట్నం వెళ్ళినా పొద్దున్నే బస్సెక్కి అదే పనికి వచ్చేది. దీనక్క పోయింది. ఆవిడ మీద నాకు ఈ రోజుకీ జాలి లేదు, అదీ ఒప్పుకుంటున్నాను. సమాధి దగ్గర నిలబడ్డా ఆ 'బతికీవోడు' అన్న మాటే వినిపించింది. కానీ రూతు క్రిస్మస్‌కి నాకు రొయ్యలు పట్టుకొస్తుంది. దాని వేళ్ళు వంకర్లు పోయాయి, టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంటుంది. అయ్యో తల్లీ అంటే నవ్వుతుంది. "ఏటి సేత్తాం పిన్నీ, దేవుడొద్దన్నాడు కదా" అంటుంది.

దేవుడు వద్దనలేదు. నేనన్నాను.

క్షమించమని నిన్ను అడగను, ఆ పని నీది కాదు. ఇది నువ్వు రూతుకి చెప్పినా నాకు అభ్యంతరం లేదు. ఆ రోజు అది విప్పి చూద్దామన్న చీటీ ఇదే. ఇన్నాళ్ళకి విప్పాను.